కర్త లేని కుటుంబాలు

మార్చి 9, ఆదివారం

ఈరోజు ఫీనిక్స్ పక్కనున్న మా చాండ్లర్ గుడిలో మగవాళ్ళందరికీ ఒకేసారి అవమానం జరిగింది. అందులో నా చెయ్యేమీ లేదు. అయినా అక్షింతలు నాకే పడ్డాయి.

అభిషేకానికి ముందు సంకల్పంలో పూజారి చక్రపాణి గారు టాబ్లెట్ పట్టుకుని ఒక్కో కుటుంబం గోత్రం, పేర్లు చదువుతారు. ఆ పేర్లు గుడి వెబ్‌సైట్‌లోంచి వస్తాయి. ఇంటి యజమాని మొదట, తర్వాత భార్య, ఆ తర్వాత పిల్లలు. ఏళ్ళ తరబడి అదే వరుస. ఇవాళ ఆయన గోత్రం చెప్పి "ఛాయాదేవి" అన్నారు. తర్వాత కొడుకు. తర్వాత కోడలు. తర్వాత మనవడు ఆరుష్, వాడు ఇంకా డైపర్లలో ఉన్నాడు. అందరూ అయ్యాక, మర్చిపోయిన సామాను గుర్తొచ్చినట్టు, "వీరభద్రం". వీరభద్రం గారు గుడి కమిటీ ప్రెసిడెంట్. ఆయన కళ్ళు తెరిచి చూసిన చూపు చక్రపాణి గారి మీద పడి, అక్కణ్ణించి జారి, మూడో వరసలో ఉన్న నామీద ఆగింది.

మిగతా కుటుంబాలన్నీ అంతే. భార్య ముందు, పిల్లలు మధ్యలో, యజమాని చిట్టచివర.

దానికి ముందు ఇంకో ముచ్చట ఉంది. పేజీ పైన ఏదో సాఫ్ట్‌వేర్ హెచ్చరిక, ఇంగ్లీషులో, వచ్చి కూర్చుంది. టాబ్లెట్‌లో ఉన్నది ఉన్నట్టు చదవడం చక్రపాణి గారి అలవాటు. గణపతి ప్రార్థన అవగానే మైకులో గంభీరంగా "డెప్రికేటెడ్, లైన్ టూ ఫార్టీన్" అన్నారు. జనం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. నేనూ పెట్టాను.

ప్రసాదం దగ్గర వీరభద్రం గారు పట్టుకున్నారు.

"ఏంటమ్మా మృదులా ఇది? సిస్టమ్‌ని ఎవరైనా హ్యాక్ చేశారా?"

"చూస్తానండీ."

"దివాకర్ ఉన్నప్పుడు ఒక్కసారి ఇట్లా కాలేదు. ఒకసారి అతనికి కాల్ చేసి అడుగు. ప్రాజెక్ట్ ఎప్పుడైపోతుందంట?"

"అయిపోవచ్చిందండీ."

ఆ సైట్ రాసింది మా ఆయన దివాకరే. పోయిన వేసవిలో ఉద్యోగం మీద రెడ్‌మండ్ వెళ్ళాడు. అతను వెళ్ళగానే మంత్లీ మీటింగ్‌లో ఏకగ్రీవంగా ఆ బాధ్యత నాకు అంటగట్టారు, భర్త రాసిన కోడ్ భార్యకి వారసత్వంగా వస్తుందని వాళ్ళ నమ్మకం. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. ఇతరులు చేసిన తప్పులు కనిపెట్టడం నా వృత్తి.

ఊళ్ళో అందరికీ చెప్పింది ప్రాజెక్ట్ అని. డైరీలోనూ అదే రాస్తున్నాను. మాట మీద నిలబడాలి కదా.

మార్చి 10

సర్వర్ వాళ్ళు శుక్రవారం, సైట్ నడిపే పీహెచ్‌పీ భాషని కొత్త వెర్షన్‌కి మార్చారట. నెల క్రితమే ఈమెయిల్ పంపామంటున్నారు. పంపారు. దివాకర్‌కి.

మార్చి 12

లంచ్ టైమ్‌లో ఆఫీస్ పార్కింగ్‌లో కార్లో కూర్చుని ఆ కోడ్ తెరిచాను. మొగుడి కోడ్ చదవడమంత దౌర్భాగ్యం ఇంకోటి లేదు. ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ బద్ధకించాడో, ఎక్కడ తర్వాత చూద్దాంలే అని వదిలేశాడో, అన్నీ తెలిసిపోతాయి. ఇంట్లో కుళాయిలు కూడా ఇలాగే బాగు చేసేవాడు.

సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో ఛాయాదేవి గారు కనిపించారు. చుట్టూ చూసి, మునక్కాయల దగ్గరికి లాక్కెళ్ళి చెవిలో చెప్పారు. "మృదులా, మరీ అంత తొందరగా బాగు చెయ్యకులేమ్మా. రెండు మూడు వారాలు పోనీ."

మార్చి 15

వీరభద్రం గారి ఫోన్. శ్రీరామనవమి కల్యాణం ఏప్రిల్ 6న, ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళంతా వస్తారు. ఆలోపు వరుస సరికావాలట. ముఖ్యంగా పీటల మీద కూర్చునే దంపతుల వరుస. ఆ దంపతుల్లో మేమూ ఉన్నాం. ఏటా కూర్చుంటాం. ఈసారికి కిందటేడే రాయించాం.

"దివాకర్ వస్తున్నాడు కదా?"

"వస్తున్నాడండీ. టికెట్ బుక్ చేశాడు."

ఇంత స్పష్టంగా అబద్ధం ఆడగలనని నాకే తెలీదు. ఏ ఎయిర్‌లైన్స్ అని అడిగుంటే అదీ చెప్పేదాన్ని.

జనవరిలో దివాకర్ ఫోన్ చేసి ఏదో అన్నాడు. సిగ్నల్ సరిగా లేదు. మళ్ళీ చేస్తానన్నాను. చేయలేదు.

మార్చి 16, ఆదివారం

హెచ్చరిక తెర మీద కనపడకుండా దాచాను. వరుస మాత్రం అలాగే ఉంది. ఈసారి మగవాళ్ళు సిద్ధపడి వచ్చారు. చివర్లో తమ పేరు వచ్చేదాకా చేతులు కట్టుకుని, బడిలో హాజరు కోసం నిలబడ్డ పిల్లల్లా చూశారు. ఒకాయన పేరు రాగానే "ప్రెజెంట్" అన్నాడు. అందరూ నవ్వారు. వీరభద్రం గారు నవ్వలేదు.

మా కుటుంబం కూడా చదివారు. మృదుల, శ్రుతి, దివాకర్. ఇద్దరం తలలు వంచుకుని అక్షతలు వేయించుకున్నాం.

కార్లో శ్రుతి అడిగింది. టెన్త్ గ్రేడ్ చదువుతోంది, దీనికి ప్రశ్నలే ఎక్కువ.

"అమ్మా, వై ఆర్ దే సో మ్యాడ్? గాడ్‌కి తెలీదా, ఎవరు ఎవరో?"

"దేవుడికి తెలుసు. కమిటీకి తెలీదు."

"నాన్న ఫిక్స్ చేస్తాడా?"

"నేను చేస్తాను."

మార్చి 18

దివాకర్‌కి మెసేజ్ పెట్టాను. గుడి సైట్‌లో పేర్ల వరుస ఎందుకు తిరగబడింది, నీకేమైనా గుర్తుందా అని. అంతే. ఇంకేమీ రాయలేదు. మూడుసార్లు రాసి తుడిచిన మాట వేరే లెక్క.

మార్చి 19

జవాబు లేదు. రెడ్‌మండ్‌లో సిగ్నల్ లేదు కాబోలు. ప్రపంచానికంతా సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఊళ్ళో పాపం ఫోన్లు పని చెయ్యవు.

మార్చి 20

దొరికింది!

ప్రతి మనిషికీ వరుస సంఖ్య అని ఒక గడి ఉంది. భార్యకి ఒకటి, పిల్లలకి రెండు, మూడు. యజమాని గడిలో దివాకర్ అంకె వెయ్యకుండా "కర్త" అని మాట రాశాడు. అంకెలుండాల్సిన చోట మాట. పాత పీహెచ్‌పీకి, అంకెతో పోల్చాల్సి వస్తే మాట ఏదైనా సున్నా కిందే లెక్క. సున్నా ఒకటి కంటే చిన్నది కాబట్టి కర్త గారు పైకి వచ్చి కూర్చునేవారు. కొత్త పీహెచ్‌పీ మాటని మాటగానే చూస్తుంది, అంకెలన్నీ అయ్యాకే దాన్ని పెడుతుంది. అందుకని కర్తలంతా కిందికి జారారు.

అంటే ఇన్నేళ్ళూ ఈ పెద్దమనుషులు మొదట ఉన్నది గౌరవం వల్ల కాదు, సున్నా అవడం వల్ల. ఈ సంగతి వీరభద్రం గారికి ఎలా చెప్పాలా అని ఆలోచించి, చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. చెప్పకపోయినా నాకున్న ఆనందం నాకుంది. ఆఫీసులో ఒంటరిగా నవ్వుకున్నాను, పక్క సీట్లో అబ్బాయి బాగానే ఉన్నారా అని అడిగాడు.

మార్చి 22, శనివారం

బాగు చెయ్యడం పది నిమిషాల పని. కర్తకి సున్నా అని అంకె వేస్తే చాలు. వేశాను. ఆ తర్వాత ఉద్యోగ ధర్మం ప్రకారం పరీక్ష మొదలుపెట్టాను. డేటాబేస్‌లో ఉన్న కుటుంబాలు ఎన్ని, పేజీలో వస్తున్నవి ఎన్ని అని చూశాను. పేజీలో ఒకటి తక్కువ వచ్చింది.

రానిది జ్ఞానప్రసూన గారిది.

వరుస పెట్టే లైనుకి కాస్త పైన ఇంకో లైను ఉంది. కుటుంబంలో కర్త లేకపోతే ఆ కుటుంబాన్ని చూపించకు అని. పక్కన దివాకర్ కామెంట్: "కర్త లేకపోతే ఫ్యామిలీ ఇన్‌కంప్లీట్. స్కిప్." ఫారం సగం నింపి వదిలేసే వాళ్ళ కోసం రాసుంటాడు. వాళ్ళాయన గౌరీశంకర్ గారు పోయాక గుడి ఆఫీసు వాళ్ళు ఆయన పేరు తీసేశారు. ఆ రోజు నుంచి ఆవిడ కుటుంబం ఇన్‌కంప్లీట్. పాత వెర్షన్‌లో అంతే, కొత్త వెర్షన్‌లో అంతే. అప్‌గ్రేడ్‌కి దీంతో ఏ సంబంధం లేదు.

ఆవిడ ప్రతి నెలా అభిషేకం బుక్ చేసుకుంటూనే ఉన్నారు. ప్రతి ఆదివారం వచ్చి ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. పేర్లన్నీ చదవడం వింటున్నారు, తన పేరు రాకపోవడం వింటున్నారు. మూడేళ్ళుగా.

గుడి మొత్తంలో కర్తల పేర్లు వెనక్కి వెళ్ళాయని రెండు ఆదివారాలకే ఇంత గోల చేశాం. ఈవిడ పేరు అసలు లేకుండా పోతే ఒక్కరికీ చెవిన పడలేదు. నాకూ పడలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది.

మార్చి 23, ఆదివారం

వరుస సరైంది. మొదటి పేరు వీరభద్రం. ఆయన వెన్నెముక రెండంగుళాలు పెరిగింది. ఛాయాదేవి గారు నావైపు నిష్ఠూరంగా చూశారు.

పూజ అయ్యాక జ్ఞానప్రసూన గారి పక్కన కూర్చున్నాను. ఆవిడ మత్తు డాక్టర్‌గా ముప్పై ఏళ్ళు పని చేసి రిటైరయ్యారు. ఆపరేషన్ థియేటర్లో సర్జన్లను కూడా కసిరేవారని చెప్పుకుంటారు.

"ఆంటీ, సంకల్పంలో మీ పేరు చదవడం లేదు కదా. మీరెప్పుడూ అడగలేదేం?"

"దేనికమ్మా అడగడం? ఆయన పోయాక మనకి ఉండదు కాబోలు అనుకున్నా. శాస్త్రంలో ఏదో రాసుంటుంది. ఇంత వయసొచ్చాక పంతులుగారితో ఆర్గ్యుమెంట్ ఏం పెట్టుకుంటాం?"

"మరి డబ్బు కడుతున్నారు కదా?"

"పేరు చదివినా చదవకపోయినా అభిషేకం స్వామికే కదమ్మా."

లేచి వెళ్ళి చక్రపాణి గారిని అడిగాను. ఆయన పూలు సర్దుతూ ఆగిపోయారు.

"అయ్యో, అలాంటి శాస్త్రం ఏదీ లేదమ్మా! టాబ్లెట్‌లో రాలేదు, నేను చదవలేదు. సార్ పోయాక మేడమ్‌గారికి బాధగా ఉండి పేరు ఇవ్వడం మానేశారనుకున్నా. ఎట్లా అడగను?"

ఆవిడ శాస్త్రమనుకున్నారు. ఈయన ఆవిడ ఇష్టమనుకున్నారు. ఇద్దరూ మర్యాదస్థులు. మధ్యలో మా ఆయన రాసిన ఒక లైను హాయిగా పని చేసుకుపోయింది.

ఆంటీకి అది శాస్త్రం కాదు, దివాకర్ అని చెప్పాను. ఆవిడ ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నారు. తర్వాత నవ్వారు.

"అబ్బాయి మంచివాడేనమ్మా. తెలీక రాసుంటాడు. ఎప్పుడొస్తున్నాడు?"

"త్వరలోనే ఆంటీ" అన్నాను.

మార్చి 24

దివాకర్ జవాబిచ్చాడు. "సారీ, బిజీ. కంపారిజన్ రూల్స్ మారాయి. కర్తకి అంకె వెయ్యి. శ్రుతి ఎలా ఉంది? జనవరిలో చెప్పిన విషయం ఆలోచించావా?"

మొదటి మూడు వాక్యాలూ వారం లేటు. నాలుగోదానికి బాగుంది అని రాశాను. ఐదోదాని దగ్గర సిగ్నల్ పోయింది.

మార్చి 30, ఉగాది

పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైంది. పంచాంగ శ్రవణంలో నా రాశికి ఆదాయం కంటే వ్యయం ఎక్కువ, రాజపూజ్యం కంటే అవమానం ఎక్కువ అన్నారు. కొత్త విషయం ఒక్కటీ లేదు.

ఏప్రిల్ 2

కర్త లేకపోతే స్కిప్ అన్న లైను తీసేశాను. కర్త లేని కుటుంబంలో మిగిలిన వాళ్ళలో పెద్దవారి పేరు మొదట వస్తుంది. జ్ఞానప్రసూన గారి రికార్డు సరిగ్గా వచ్చింది. అయితే పరీక్షకి ఒక్క ఉదాహరణ చాలదు. కర్తని తీసేస్తే పేజీ ఏం చేస్తుందో ఇంకో కుటుంబం మీద చూడాలి. ఎవరి కుటుంబం మీద ప్రయోగం చేస్తాం? వేరే వాళ్ళది ముట్టుకోవడం మర్యాద కాదు. మాదే తీసుకున్నాను.

దివాకర్ పేరు తీసేశాను. పేజీ రిఫ్రెష్ చేశాను. గోత్రం, మృదుల, శ్రుతి. ఏ ఎర్రరూ లేదు.

గోత్రం మాత్రం అతనిదే ఉంది. శ్రుతిదీ అదే కాబట్టి ఉంటే ఉండనీ. తల్లికో గోత్రం, పిల్లకో గోత్రం పెట్టే గడి దివాకర్ ఎలాగూ రాయలేదు.

పరీక్ష అయిపోయింది కాబట్టి పేరు తిరిగి పెట్టెయ్యాలి. రేపు పెడతాను.

ఏప్రిల్ 3

పెట్టలేదు. పని ఎక్కువగా ఉంది.

ఏప్రిల్ 4

రాయాల్సింది రాస్తాను. జనవరిలో సిగ్నల్ బాగానే ఉంది. వంటింట్లో నిలబడి ప్రతి మాటా విన్నాను. "నేను తిరిగి రావడం లేదు మృదులా. ఇక్కడ నా జీవితం వేరే అయింది. అందరికీ నేను చెప్తే నీకు తలవంపులు. నువ్వే చెప్పు, నీకెప్పుడు వీలైతే అప్పుడు, నీకెలా కావాలంటే అలా." ఎంత పెద్దమనసు. వెళ్ళే పని తను చేసుకుని, చెప్పే పని నాకు ఉంచాడు. మా ఇంట్లో మొదటినుంచీ పనులు అలాగే పంచుకునేవాళ్ళం.

నేను చెప్పలేదు. చెప్పనంత కాలం జరగనట్టే అనుకున్నాను. వచ్చి పీట మీద కూర్చుంటాడని, కల్యాణంలో తలంబ్రాల పళ్ళెం ఇద్దరం పట్టుకుంటామని, దాంతో మనసు మారుతుందని కూడా అనుకున్నాను. అతనికి రమ్మని ఒక్కసారీ చెప్పలేదు. అడిగితే రానంటాడని భయం. ఇంత తెలివైన ఏర్పాటు నేను ఏ ప్రాజెక్ట్‌లోనూ చూడలేదు.

ఏప్రిల్ 5

వీరభద్రం గారికి ఫోన్ చేసి మా పీట ఎవరికైనా ఇవ్వమన్నాను.

"అదేంటమ్మా? దివాకర్ ఫ్లైట్ మిస్సయ్యాడా?"

"రావడం లేదండీ."

"అయ్యో, ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ అయిందా?"

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. "అలాంటిదేనండీ" అని వచ్చింది. ఈ నోరుని ఏ వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చెయ్యాలో తెలీదు.

సాయంత్రం శ్రుతికి మాత్రం చెప్పాను. గరాజ్‌లో బట్టలు మడతపెడుతూ చెప్పాను. అది ఒక సాక్సు జత కోసం వెతుకుతూనే వింది. "ఓకే" అంది. కాసేపాగి, "అమ్మా, రేపు టెంపుల్‌లో ఎవరైనా అడిగితే వాట్ డు ఐ సే?" అంది. దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చాను. అదీ ఏడ్చింది. సాక్సు దొరకలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

పొద్దున గుడికి బయల్దేరే ముందు లాప్‌టాప్ తెరిచాను. దివాకర్ పేరు తిరిగి పెట్టడానికి ఇదే ఆఖరి అవకాశం. మూడు క్లిక్కుల పని. చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి చూశాను. మూసేశాను.

హాలు నిండిపోయింది. దంపతులు పీటల మీద కూర్చున్నారు. మా పీట మీద మొన్నమొన్ననే డబ్లిన్ నుంచి ఉద్యోగం మారి వచ్చిన జంట కూర్చుంది, పెళ్ళయి ఏడాది అయినట్టు కూడా లేదు. మేము కింద, జ్ఞానప్రసూన గారి పక్కన కూర్చున్నాం. అటూ ఇటూ ఉన్నవాళ్ళు మా వంక చూసి, పీటల వంక చూసి, మళ్ళీ మా వంక చూశారు. ఫోన్లలో ఒకరికొకరు ఏమి రాసుకున్నారో దేవుడికే ఎరుక.

చక్రపాణి గారు సంకల్పం మొదలుపెట్టారు. మొదట వీరభద్రం గారు, లోకం సవ్యంగా ఉంది. కొన్ని కుటుంబాల తర్వాత ఆయన గొంతు కొంచెం పెంచి, గోత్రం చెప్పి, "జ్ఞానప్రసూన" అన్నారు. ఆంటీ ఉలిక్కిపడ్డారు. నా చెయ్యి పట్టుకుని "నన్నేనా?" అన్నారు. అవునన్నాను. ఆవిడ లేచి నిలబడ్డారు, నిలబడాల్సిన అవసరం లేదు, ఎవరూ నిలబడరు. దణ్ణం పెట్టి, మళ్ళీ కూర్చుని, కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

కాసేపటికి మా వంతు వచ్చింది. గోత్రం. "మృదుల." "శ్రుతి."

చక్రపాణి గారు ఆగారు. టాబ్లెట్ మీద వేలితో కిందికి జరిపారు, పైకి జరిపారు. మళ్ళీ పాత గోల మొదలైందనుకున్నట్టున్నారు. మైకు ఆయన నోటి దగ్గరే ఉంది. "ఇంకో పేరు రావాలి కదమ్మా? దివాకర్ గారిది?" అన్న మాట హాలంతా వినిపించింది. వీరభద్రం గారు వెనక్కి తిరిగి, వెబ్‌సైట్ మళ్ళీ పాడైందా అన్నట్టు నాకు సైగ చేశారు.

అవునని తల ఊపితే సరిపోయేది. మరో వారం, మరో నెల గడిచిపోయేది.

"సైట్ బాగానే ఉందండీ" అన్నాను. "మేం ఇద్దరమే. ఆయన మాతో లేరు. ఇక రారు. మీరు కానివ్వండి."

ఈసారి మాట చివరిదాకా వచ్చింది. చక్రపాణి గారు నావైపు చూసి, తల వంచి, మా గోత్రం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని, "మృదుల, శ్రుతి" అని నిదానంగా, స్పష్టంగా చదివి, అప్పుడు తర్వాతి కుటుంబానికి వెళ్ళారు. శ్రుతి నా భుజం మీద తల పెట్టింది.

భోజనాల దగ్గర ఎవరూ ప్రాజెక్ట్ గురించి అడగలేదు. ఛాయాదేవి గారు నా విస్తట్లో రెండు పూర్ణాలు ఎక్కువ వేశారు. వీరభద్రం గారు చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి వచ్చి, "వెబ్‌సైట్ బాగా చేశావమ్మా" అన్నారు. ఆయనకి చేతనైంది అదే, నాకు చాలానే అనిపించింది.

ఇంటికొచ్చాక దివాకర్ మెసేజ్ ఉంది. "కల్యాణం బాగా జరిగిందా? సైట్ ఓకేనా?"

"ఓకే. నీ పేరు తీసేశాను. అందరికీ చెప్పాను" అని రాశాను.

ఇంతకాలం వారానికో జవాబు ఇచ్చిన మనిషి, నేను ఫోన్ కింద పెట్టేలోపే రాశాడు.

"థాంక్స్."

సింక్ దగ్గర నిలబడి ఏడ్చాను. ఏడవలేదని రాద్దామనుకున్నాను కానీ ఏడ్చాను. తర్వాత శ్రుతి ఆకలి అంటే దోసెలు వేశాను.